కుళాయివద్ద ఆగిపోయిన పటం: విజయవాడ నీటి సరఫరాపై ఒక విమర్శ

ఉన్నత పాఠశాలల సామాన్యశాస్త్ర పాఠాలలో పట్టణపు నీటి సరఫరాను వివరించడానికి సాధారణంగా ఒక పటం వేస్తారు. ఎడమవైపున నది, దాని పక్కన పంపు గది ఉంటాయి. ఆ తరువాత మడ్డి తేరుకొనే తొట్టి, ఇసుక వడపోత తొట్టి, క్లోరిన్ కలిపే గది, స్తంభాలమీద నిలిచిన ట్యాంకు వరుసగా కనిపిస్తాయి. చివరకు ఒక ఇంటి కుళాయి, దాని కింద ఒక బిందె. బాణపు గుర్తులన్నీ ఎడమనుంచి కుడికి సాగి ఆ బిందెలో ముగుస్తాయి. విద్యార్థి ఈ పటం చక్కగా వేసి, భాగాలకు పేర్లు వ్రాస్తే పరీక్షలో మార్కులు వస్తాయి.

ఈ పటంలో అబద్ధమేమీ లేదు. కాని ఇది సగం పటం. గొట్టంలో బయలుదేరిన నీరంతా బిందెకు చేరుతున్నదా అని ఇది అడగదు. ఏ వేళకు చేరుతున్నది, ఎంత శుభ్రంగా చేరుతున్నది అని కూడా అడగదు. బిందెలో నీరు వాడిన తరువాత ఎక్కడికి పోతున్నదో అసలే చెప్పదు. పాఠం ఇట్లా ఉంటే పెద్ద ప్రమాదం లేదనవచ్చును. అయితే మన పట్టణాల నీటి పథకాలు సైతం చాలాకాలంగా ఇదే పటాన్ని అనుసరించి తయారవుతున్నవి. విజయవాడను ఉదాహరణగా తీసుకొని ఆ లోపాన్ని పరిశీలించడమే ఈ వ్యాసపు పని.

నదికి నీటి కొరత ఎంత?

ముందుగా కొలతలు చూద్దాము. మన దేశంలో మురుగు కాలువల వసతి గల పట్టణానికి మనిషి ఒక్కరికి రోజుకు 135 లీటర్లు అందించాలని కేంద్ర ప్రజారోగ్య ఇంజనీరింగు సంస్థ ప్రమాణం పెట్టినది. 2011 జనాభా లెక్కల నాటికి విజయవాడ నగర జనాభా 10 లక్షలు దాటింది. లెక్క సులభంగా ఉండేందుకు 10 లక్షలే అనుకొందాము. అప్పుడు రోజుకు కావలసినది 13 కోట్ల 50 లక్షల లీటర్లు. వినడానికి ఇది పెద్ద సంఖ్య. కాని ఒక క్యూసెక్కు అనగా సెకనుకు సుమారు 28.3 లీటర్లు గనుక, పైన చెప్పిన నీరు 55 క్యూసెక్కుల ప్రవాహానికి సమానం. ఒక మోస్తరు పంట కాలువలో పారేది ఇంతకంటె ఎక్కువే.

సంవత్సరానికి లెక్కవేస్తే ఇది సుమారు 1.74 టి.ఎం.సి., అనగా శతకోటి ఘనపుటడుగుల లెక్కన ఒకటిన్నరకు పైచిలుకు. 1976లో వెలువడిన బచావత్ ట్రిబ్యునల్ తుది తీర్పు కృష్ణా డెల్టాకు 181.2 టి.ఎం.సి. కేటాయించినది. దానితో పోల్చితే నగరం తాగడానికి, వంటకు, స్నానానికి, ఇతర గృహావసరాలకు కోరే నీరు నూటికి ఒక పాలు కంటె తక్కువ.

కనుక విజయవాడ నీటి సమస్య నదిలో నీరు లేకపోవడం కాదు. అయినా ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పవలసి ఉన్నది. నగరం నీరు తోడుకొనేది ప్రకాశం బారేజీ వెనుక నిలిచిన నీటినుంచి. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట 1952 వరదలో దెబ్బతిన్నది. తరువాత దాని దగ్గరనే 70 తలుపులతో బారేజీ కట్టి 1957లో పూర్తి చేసినారు. దీని వెనుక నిలిచేది సుమారు 3 టి.ఎం.సి. మాత్రమే. దానినుంచే డెల్టా కాలువలు బయలుదేరుతాయి. ఇబ్రహీంపట్నం వద్దనున్న డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ విద్యుత్కేంద్రం తన యంత్రాలను చల్లబరచుకొనేందుకు కూడా ఆ నీటినే వాడుకొంటుంది. వేసవిలో ఎగువ జలాశయాలనుంచి నీరు వదలకపోతే ఈ మడుగు మట్టం పడిపోతుంది. మట్టం పడిపోతే, నీరు కళ్ళకు కనిపిస్తూనే ఉన్నా పంపుకు అందదు. పులిచింతల జలాశయం, గోదావరి నీటిని పోలవరం కుడికాలువ గుండా కృష్ణకు మళ్ళించే పట్టిసీమ ఎత్తిపోతల పథకం గత పది పన్నెండేండ్లలో వచ్చి ఈ భయాన్ని కొంత తగ్గించినవి.

డాక్టర్ కానూరి లక్ష్మణరావు గారు విజయవాడ సమీపంలోని కంకిపాడులో జన్మించి, ఇంజనీరుగా పేరుపొంది, 1962 నుంచి మూడుసార్లు ఈ నియోజకవర్గానికి పార్లమెంటు సభ్యులుగా ఎన్నికైనారు. కేంద్రంలో నీటిపారుదల మంత్రిగా పనిచేసినారు. 1978లో ప్రచురించిన తమ ఆత్మకథకు ఆయన ఇంగ్లీషులో ‘క్యూసెక్కుల అభ్యర్థి’ అనే అర్థం వచ్చే పేరు పెట్టుకొన్నారు. పులిచింతల జలాశయానికి ఆయన పేరే పెట్టినారు. నగరపు ప్రధాన జలశుద్ధి కేంద్రం కూడా ఆయన పేరిటనే ఉన్నది. క్యూసెక్కులు తెచ్చిపెట్టిన ఆ తరానికి మనం ఋణపడి ఉన్నాము. అయితే వారు తెచ్చిన క్యూసెక్కులను బిందెలుగా మార్చే పని తరువాతి వారిది. ఈ విమర్శ ఆ రెండవ పని గురించి.

తొమ్మిది బిందెల లెక్క

ఒక బిందెకు 15 లీటర్లు పడతాయనుకొందాము. 135 లీటర్లంటే మనిషికి తొమ్మిది బిందెలు. ఈ తొమ్మిది బిందెలను ప్రమాణ గ్రంథాలు ఇట్లా పంచుతాయి: తాగడానికి 5 లీటర్లు, వంటకు 5, స్నానానికి 55, బట్టలు ఉతకడానికి 20, గిన్నెలు తోమడానికి 10, ఇల్లు కడగడానికి 10, మరుగుదొడ్డికి 30.

ఈ లెక్కలో మొదటి లోపం ఏమిటంటే, ఇది పంపు గదినుంచి బయలుదేరే నీటిని మనిషికి అందిన నీటిగా భావించడం. నడుమ గొట్టాలున్నవి. అవి భూమిలో పాతి పదులకొలది ఏండ్లయినవి కావచ్చును. కీళ్ళవద్ద కారుతాయి, రోడ్లు తవ్వినప్పుడు పగులుతాయి, అనుమతి లేని కనెక్షన్లకు పెట్టిన బెజ్జాలనుంచి ఊరుతాయి. ఇట్లా లెక్కకు రాకుండా పోయే నీరు నూటికి 15 పాళ్ళు మించరాదని మన నియమాలు చెబుతున్నవి. దేశంలోని అనేక నగరాలలో నష్టం ఆ హద్దు దాటినదని వాటి లెక్కలే చెబుతున్నవి.

తరగతిలో వేయదగిన ఒక లెక్క చూడండి. ఒక పట్టణంలో మూడవవంతు నీరు దారిలో పోతున్నదనుకొందాము. రోజుకు 13 కోట్ల 50 లక్షల లీటర్లు పంపితే 9 కోట్ల లీటర్లే ఇండ్లకు చేరుతాయి. మనిషికి తొమ్మిది బిందెలకు బదులు ఆరు బిందెలు. అప్పుడు ప్రజలు నీరు చాలదంటారు. అధికారులు మరొక పంపు, మరొక జలశుద్ధి కేంద్రం కావాలని పథకం వ్రాస్తారు. కాని నష్టాన్ని మూడవవంతు నుంచి నూటికి 15కు దించగలిగితే, కొత్త పంపు లేకుండానే రోజుకు సుమారు 2 కోట్ల 47 లక్షల లీటర్లు మిగులుతాయి. 135 లీటర్ల చొప్పున అది 1 లక్షా 83 వేల మందికి సరిపోయే నీరు. ఓటికుండకు కన్నం పూడ్చకుండా పెద్ద చెంబుతో నీరు పోయడం బుద్ధిమంతుల పని కాదు గదా!

మరి పథకాలు ఎందుకు పెద్ద చెంబునే కోరుతాయి? కొత్త ట్యాంకు పదిమందికీ కనిపిస్తుంది. దానికి శంకుస్థాపన ఉంటుంది, ప్రారంభోత్సవం ఉంటుంది. భూమిలో ఆరడుగుల కింద బాగుచేసిన కీలు ఎవరికీ కనిపించదు. పైగా నష్టం ఎంతో తెలియాలంటే ప్రతి పేట మొదట, ప్రతి ఇంటివద్ద నీటి మీటర్లుండాలి. కొలవనిదే కన్నం ఎక్కడ ఉన్నదో చెప్పలేము. మీటరు అనగానే పేదవాని నీటికి వెల కట్టడమని భయపడేవారున్నారు. ఆ భయం నిర్హేతుకం కాదు. కాని కొలవడం వేరు, వెలకట్టడం వేరు. మొదటి కొన్ని బిందెలకు రుసుము లేకుండా ఉంచి కూడా కొలవవచ్చును. నిజానికి కొలత లేనిచోట ఎక్కువ నష్టపోయేది గొట్టపు కొసన ఉన్న పేదవాడే.

గీత గీసి చెప్పిన భవిష్యత్తు

రెండవ లోపం జనాభా అంచనాలో ఉన్నది. నీటి పథకాన్ని నేటి జనానికి కాక సుమారు 30 ఏండ్ల తరువాతి జనానికి తయారు చేస్తారు. అందుకు గడచిన జనాభా లెక్కలు తీసుకొని ముందుకు గీత పొడిగిస్తారు. విజయవాడ విషయంలో ఈ గీత ఎట్లా విఫలమవుతుందో చూడవచ్చును. 1931లో ఊరి జనాభా సుమారు 60 వేలు. 1941లో 86 వేలు. అంటే పదేండ్లలో 26 వేలు పెరిగినది. అంతే పెరుగుదల మరొకసారి వస్తుందనుకొంటే 1951కి 1 లక్షా 12 వేలు కావాలి. అదే నిష్పత్తిలో పెరుగుతుందనుకొంటే 1 లక్షా 23 వేలు. నిజంగా 1951లో లెక్కించినది సుమారు 1 లక్షా 61 వేలు. రెండు పద్ధతులూ తప్పినవి.

ఇట్లా ఎందుకు జరిగినది? పట్టణం పుట్టుకలతో మాత్రమే పెరగదు. రైళ్ళు కలిసే కూడలి, మూడు కాలువలు బయలుదేరే రేవు, డెల్టా ధాన్యానికి బజారు అయిన ఊరికి పనికోసం జనం వస్తారు. 2016 తరువాత రాష్ట్ర కార్యాలయాలు ఈ ప్రాంతానికి తరలి వచ్చినప్పుడు కూడా అట్లాగే జరిగినది. ఒక ప్రభుత్వ నిర్ణయం పదేండ్ల గీతను ఒక సంవత్సరంలో చెరిపివేయగలదు.

కనుక అంచనా వేయరాదని దీని భావం కాదు. ఒకే ఒక అంకెను సత్యమని నమ్మి, దానిమీద ఒకే పెద్ద కట్టడం కట్టరాదని భావం. తక్కువ, మధ్యమం, ఎక్కువ అని మూడు అంచనాలు వేసి, పనిని దశలుగా విభజించి, ప్రతి ఐదేండ్లకు లెక్క సరిచూచుకొనడం శాస్త్రీయం. విజ్ఞానశాస్త్రంలో ఊహను ప్రయోగంతో సరిచూస్తామని మనం పిల్లలకు చెబుతాము. పట్టణ ప్రణాళికకు మాత్రం ఈ నియమం ఎందుకు వర్తించరాదు?

కొండ మీది కుళాయి, గంటల సరఫరా

విజయవాడను చూచినవారికి దాని కొండలు గుర్తుంటాయి. ఇంద్రకీలాద్రి, గుణదల కొండ, మొగల్రాజపురం కొండలు ఊరి నడుమనే లేచి నిలిచినవి. కొండవాలులలో వేలకొలది ఇండ్లున్నవి. నీరు తన మట్టాన్ని తాను వెతుక్కొంటుందని భౌతికశాస్త్రం చెబుతుంది. ట్యాంకు ఎంత ఎత్తున ఉంటే అంత ఎత్తువరకే, గొట్టపు రాపిడిలో పోయినది తీసివేయగా, నీరు ఎక్కగలదు. పల్లంలో ఉన్న ఇండ్లవారు ఒకేసారి కుళాయిలు విప్పి, పైగా మోటార్లు బిగించి లాగితే, గొట్టంలో ఒత్తిడి తగ్గి మిట్టమీద ఉన్న ఇంటికి నీరు ఎక్కదు. ఊరంతటికీ సగటున 135 లీటర్లు అందినవని కాగితంమీద వ్రాసిన రోజుననే, కొండమెట్లమీద ఒక ఆమె ఖాళీ బిందెతో నిలిచి ఉండవచ్చును. సగటు అంకె ఆమెను దాచిపెడుతుంది.

ఇక గంటల సరఫరా సంగతి. మన పట్టణాలలో కుళాయి ఉదయం కొంతసేపు, సాయంత్రం కొంతసేపు వస్తుంది. నీరు పొదుపు చేయడానికే ఇట్లా చేస్తున్నామని చెబుతారు. కాని దీనివల్ల పొదుపు జరుగుతుందో లేదో గాని, ప్రమాదం మాత్రం కలుగుతుంది. గొట్టం నిండుగా, ఒత్తిడితో ఉన్నప్పుడు కన్నంనుంచి నీరు బయటికి పోతుంది. సరఫరా ఆగి గొట్టం ఖాళీ అయినప్పుడు అదే కన్నం బయటి నీటిని లోపలికి పీలుస్తుంది. ఆ గొట్టం మురుగు కాలువ పక్కనో, దాని అడుగుననో పోతుంటే ఫలితం చెప్పనక్కరలేదు. 2018 మార్చి నెలలో పక్కనే ఉన్న గుంటూరులో తాగునీటిలో మురుగు కలిసి అతిసారం వ్యాపించి పలువురు మరణించినారు. నది శుభ్రంగా ఉన్నా, వడపోత సరిగా ఉన్నా, ఆ తరువాతి మైలులో జరిగే దానివల్ల ప్రాణాలు పోగలవు. పాఠంలోని పటంలో ఈ మైలు ఒక సన్నని గీత మాత్రమే.

జలశుద్ధి కేంద్రంలో ఏమి జరుగుతుందో మన ఉపాధ్యాయులకు తెలిసినదే. పటిక వేసినప్పుడు అది నీటిలోని లవణాలతో కలిసి జిగురు ముద్దలుగా ఏర్పడి, సన్నని మట్టి రేణువులను పట్టుకొని అడుగుకు దిగుతుంది. పల్లెలలో చిల్లగింజను అరగదీసి కుండలో కలపడం ఈ పనికే. తరువాత ఇసుక వడపోత, ఆ తరువాత క్లోరిన్. ఈ క్లోరిన్ కేంద్రంలోని క్రిములను చంపడంతో పని ముగించరాదు. దారిలో ఏదైనా కలిస్తే దానిని ఎదుర్కొనేందుకు కొసమీది కుళాయివద్ద కూడా లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా మిగిలి ఉండాలి. కనుక నీటి సరఫరా మంచిచెడ్డలను నిర్ణయించవలసిన చోటు జలశుద్ధి కేంద్రం కాదు. గొట్టపు చిట్టచివరి కుళాయి.

ఈ విధంగా ఆలోచించిన పట్టణాలు లేకపోలేదు. ఒరిస్సాలోని పూరీలో 2021లో ఇరవైనాలుగు గంటలూ కుళాయినుంచి నేరుగా తాగదగిన నీరు ఇచ్చే ఏర్పాటు ప్రారంభించినారు. గొట్టంలో ఎప్పుడూ ఒత్తిడి ఉంటే మురుగు లోపలికి రాదు. ఇంటివారు తొట్లు నింపి, మరునాడు కొత్తనీరు రాగానే పాతనీరు పారబోయరు. నిత్య సరఫరా దుబారా అని మొదట అనిపించినా, కన్నాలు పూడ్చి మీటర్లు పెట్టినచోట అది దుబారా కానక్కరలేదు.

కుళాయి తరువాత ఏమవుతుంది?

ఇప్పుడు పటంలో లేని సగానికి వద్దాము. ఇంటికి వచ్చిన నీటిలో నూటికి 80 పాళ్ళు మురుగుగా తిరిగి బయటికి పోతుందని ఇంజనీర్ల అంచనా. 135 లీటర్లలో 108 లీటర్లన్న మాట. పది లక్షల జనాభాకు రోజుకు 10 కోట్ల 80 లక్షల లీటర్లు. నీటి సరఫరాను పెంచే ప్రతి పథకమూ అంతకు నాలుగైదవ వంతుల మేరకు మురుగును కూడా పెంచుతుంది. కాని మన దేశంలో నీటి పథకం ముందు వస్తుంది. మురుగు పథకం దాని వెనుక ఎప్పుడో, కొన్ని పేటలకు మాత్రమే వస్తుంది. ఈ రెంటి నడుమ గడచిన కాలంలో మురుగు ఎక్కడికి పోతుంది? పల్లానికి పోతుంది. విజయవాడలో పల్లాన ఉన్నవి ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ.

ఈ మూడూ మురుగు కాలువలు కావు. డెల్టా పొలాలకు పారే పంట కాలువలు. అంతేకాదు, దిగువ గ్రామాలకు తాగునీటి కాలువలు కూడా ఇవే. డెల్టాలో సముద్రపు దిక్కుకు పోయినకొద్దీ బావినీరు ఉప్పగా ఉంటుంది. కనుక వేసవిలో కాలువలు కట్టివేయకముందే ఊరి చెరువులు నింపుకొని, ఆ నీటిని ఇసుకలో వడపోసి తాగుతారు. మచిలీపట్నానికి తరకటూరు వద్ద ఉన్న వేసవి నిల్వ చెరువు ఇట్లా కృష్ణా కాలువల నీటితో నిండేదే. అనగా విజయవాడవాడు కాలువలో వదిలిన నీటిలో కొంత భాగం దివిసీమకో, బందరుకో, గుడివాడ పల్లెలకో తాగునీరుగా చేరుతుంది. నగరానికి నది ఎగువన ఉన్నది. పల్లెకు నగరం ఎగువన ఉన్నది.

ఇది క్రొత్త సంగతి కాదు. జర్మనీలో ఎల్బ్ నది ఒడ్డున హాంబర్గు, ఆల్టోనా అని పక్కపక్కన రెండు పట్టణాలుండేవి. హాంబర్గు నదినీటిని వడపోయకుండా వాడుకొనేది. ఆల్టోనా దానికి దిగువన, హాంబర్గు మురుగు కలిసిన నీటినే తీసుకొని, మందగతి ఇసుక తొట్లలో వడపోసి ఇచ్చేది. 1892లో కలరా వచ్చినప్పుడు హాంబర్గులో 8 వేలమందికి పైగా చనిపోయినారు. ఆల్టోనాకు స్వల్పంగానే సోకినది. ఇసుకపైన పెరిగే సజీవమైన జిగురుపొర ఆ ఊరిని కాపాడినది. కాని మరుసటి చలికాలంలో అక్కడి వడపోత దెబ్బతిన్నప్పుడు ఆల్టోనాలోనూ కలరా తలయెత్తినది. వడపోత దిగువవాడిని రక్షిస్తుంది నిజమే. కాని ఎగువవాడి మురుగును భరించే భారమంతా ఒక ఇసుకతొట్టిమీద వేయడం న్యాయమా? మన పల్లె పంచాయతీల చిన్న తొట్లకు ఆల్టోనాకున్నపాటి సిబ్బందీ, పరీక్షాసాధనాలూ ఉండవు.

కనుక విజయవాడ నీటి పథకం ఎంత మంచిదని అడిగినప్పుడు, ఊరిలోని కుళాయిలను మాత్రమే చూడరాదు. నగరం దాటిన తరువాత బందరు కాలువలో ఒక గ్లాసు నీరు ముంచి చూడాలి. అక్కడ వచ్చే మార్కులే ఆ పథకానికి వచ్చిన అసలు మార్కులు.

2024 సెప్టెంబరు చెప్పిన పాఠం

2024 సెప్టెంబరు మొదటి తేదీన బుడమేరు పొంగి, మళ్ళింపు కాలువకు గండ్లు పడి, సింగ్‌నగర్ మొదలైన పేటలు మునిగినవి. మైలవరం దిక్కు కొండలలో పుట్టి కొల్లేటికి పోయే ఈ వాగును వరదవేళలో కృష్ణకు మళ్ళించే ఏర్పాటు ఉన్నది. కాని కృష్ణ కూడా అదే వేళకు నిండుగా ఉంటే మళ్ళింపు కాలువ నీరు సాఫీగా నదిలో దిగదు. మరునాడు, సెప్టెంబరు 2న, ప్రకాశం బారేజీ గుండా 11 లక్షల 43 వేల క్యూసెక్కుల వరద పోయినది. ఆ ప్రవాహపు లెక్కన పది లక్షలమందికి ఒకరోజు కావలసిన నీరంతా బారేజీ కిందుగా నాలుగు సెకన్లలో గడచిపోతుంది. అదే రోజున మునిగిన పేటలలో జనం మేడలపైన నిలిచి, పడవలలోను డ్రోన్లతోను వచ్చే తాగునీటి సీసాలకు ఎదురుచూచినారు.

ఈ రెండు విషయాలను పక్కపక్కన పెట్టి ఆలోచించాలి. చుట్టూ నీరు ఉండగా తాగే నీరు లేదు. ఇండ్ల సంపులు మురుగులో మునిగినవి; విద్యుత్తు లేదు. నీటి సరఫరా పథకమూ, వరద నివారణ పథకమూ, మురుగు పథకమూ వేరువేరు ఫైళ్ళలో వేరువేరు గదులలో ఉండవచ్చును. నీటికి ఆ గదుల సంగతి తెలియదు. వరదమట్టానికి పైన పంపులు, ప్రతి పేటకు ముంపుకందని ఎత్తున ఒక అత్యవసరపు ట్యాంకు, వరద తగ్గిన వెంటనే గొట్టాలను కడిగి ఎక్కువ క్లోరిన్‌తో శుద్ధిచేసే క్రమం ముందే వ్రాసి ఉంచడం నీటి సరఫరా ప్రణాళికలో భాగాలే కావాలి.

వాన సంగతి కూడా ఇక్కడనే చెప్పుకోవచ్చును. విజయవాడ నగర విస్తీర్ణం సుమారు 62 చదరపు కిలోమీటర్లు. ఏటా ఒక మీటరు వాన కురుస్తుందనుకొంటే, ఊరిమీద పడే నీరు 6,200 కోట్ల లీటర్లు. నగరానికి ఏడాదికి కావలసినది 4,900 కోట్ల పైచిలుకు. పడిన వాననంతా పట్టుకోవడం సాధ్యం కాదు, కోరదగినదీ కాదు. కాని పదవవంతును చెరువులలో, ఇంకుడు గుంటలలో నిలిపినా 620 కోట్ల లీటర్లు భూమిలోకి దిగుతాయి. అంతమేరకు మురుగు కాలువలమీద వరద భారమూ తగ్గుతుంది.

పొదుపు ఎవరి పని?

నీటి పొదుపు అనగానే మన ఉపన్యాసాలు గృహిణివైపు తిరుగుతాయి. కుళాయి కట్టివేయమ్మా, బకెట్టుతో స్నానం చేయించమ్మా అంటారు. ఆ సలహా మంచిదే. కుళాయినుంచి సెకనుకు ఒక బొట్టు చొప్పున కారితే రోజుకు నాలుగు లీటర్లకు పైగా పోతాయి. మిల్లీలీటరుకు ఇరవై బొట్లని తీసుకొని విద్యార్థులు ఈ లెక్క సరిచూచుకోవచ్చును. కాని నాలుగు లీటర్లు కాపాడమని ఇంటివారికి చెప్పేవారు, వీధి మలుపులో పగిలిన గొట్టాన్ని నెలరోజులు అట్లాగే వదిలివేస్తే ఆ సలహాకు బలం ఉండదు.

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరం 2018లో నీటి కరవుతో కుళాయిలు పూర్తిగా కట్టివేసే స్థితికి వచ్చినది. అప్పుడు మనిషికి రోజుకు 50 లీటర్ల హద్దు విధించినారు. అంతేగాక గొట్టాలలో ఒత్తిడిని నియంత్రించి, కారుడును అరికట్టి, వాడకపు లెక్కలను ప్రజలముందు పెట్టినారు. మూడేండ్లలో నగర వాడకం సగానికంటె తక్కువకు దిగినది, కుళాయిలు ఆగలేదు. ప్రజలూ పాలకులూ కలిసి చేసినందువల్లనే అది సాధ్యమైనది. తనవంతు ఒకరు చేసి రెండవవారిని అడిగినప్పుడే పొదుపు నీతిబోధ కాకుండా ప్రణాళిక అవుతుంది.

ఉపాధ్యాయులకు ఒక మనవి

ఈ విమర్శ పథకాలు వ్రాసేవారికి మాత్రమే ఉద్దేశించినది కాదు. రేపు పథకాలు వ్రాసేవారు నేడు మన తరగతులలో కూర్చున్నారు. వారు నేర్చుకొనే పటం ఎట్లా ఉంటే వారి పథకమూ అట్లా ఉంటుంది. కనుక పాఠం చెప్పేటప్పుడు మూడు పనులు చేయించవచ్చును.

మొదటిది కొలత. ప్రతి విద్యార్థి తన ఇంటిలో ఒకరోజు వాడిన బిందెలను, బకెట్లను పనివారీగా వ్రాసుకొని, 135 లీటర్ల పట్టికతో పోల్చాలి. నీరు వచ్చిన వేళలు కూడా వ్రాయాలి. తరగతిలో అందరి అంకెలు బోర్డుమీద పెడితే సగటు ఎంత, తక్కువ ఎంత, ఎక్కువ ఎంత అనేది కనిపిస్తుంది. సగటు ఏమి దాస్తుందో పిల్లలకు అప్పుడు తెలుస్తుంది.

రెండవది పరీక్ష. మిగులు క్లోరిన్‌ను చూపే చిన్న పరీక్షాపెట్టె ఖరీదైనది కాదు. కారకం వేయగానే నీరు గులాబిరంగుకు తిరిగితే క్లోరిన్ ఉన్నట్లు. మలసంబంధమైన క్రిములు ఉన్నవేమో తెలిపే హైడ్రోజన్ సల్ఫైడు సీసాలో నీరు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే, కలుషితమైన నీరు నల్లబడుతుంది. బడి కుళాయి, వీధి కొసమీది కుళాయి, కొండమీది కుళాయి — మూడింటి నీటిని పోల్చి ఫలితాలను తేదీతోసహా వ్రాసి పురపాలక సంఘానికి పంపవచ్చును. ఫిర్యాదుగా కాక, శాస్త్ర సమాచారంగా పంపితే దానికి విలువ ఎక్కువ. నల్లబడిన సీసాను మాత్రం పిల్లలచేత తాకించక, ఉపాధ్యాయులే బ్లీచింగు పొడితో శుద్ధిచేసి పారవేయాలి.

మూడవది పటం. కుళాయి కింది బిందెనుంచి మరొక బాణపు గుర్తు గీయించండి. అది వంటింటి తూముకు, అక్కడనుంచి మురుగు కాలువకు, దానినుంచి శుద్ధి కేంద్రానికి పోవాలి. శుద్ధి కేంద్రం లేకపోతే ఆ చోటు ఖాళీగా ఉంచి, గీతను నేరుగా బందరు కాలువలోకే పోనివ్వండి. కాలువ పక్కన ఒక చెరువు, చెరువు పక్కన ఒక ఇసుకతొట్టి, దాని పక్కన మరొక కుళాయి, ఆ కుళాయి కింద మరొక బిందె వేయించండి. ఆ రెండవ బిందె ఎవరిదని పిల్లలను అడగండి. తరగతిలో ఎవరో ఒకరికి మేనమామ ఊరు కాలువ దిగువనే ఉంటుంది.